ఈకతో కట్టిన ఈగ

ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో
పాత మిక్సీ జార్ల పక్కన దొరికింది ఈ గాలంకర్ర.
పాము కుబుసం రంగు తాడు,
తుప్పుమూత రేకు డబ్బా,
డబ్బాలో పదకొండు ఈగలు.
చచ్చినవి కావు, ఎన్నడూ బతికినవీ కావు:
ఈక, దారం, కొక్కెం.
ఏ చలికొండల ఏటి చేప కోసం ఎవరు కట్టారో,
ఆరొందలని నాలుగొందల యాభైకి ఇచ్చేశాడు.

జంగయ్య వాటిని అరచేతిలో పోసుకుని
చాలాసేపు నవ్వాడు.
"గింత సన్నమా మేడమ్?
మా కొర్రమీను దీన్ని సూసి ఆవులిస్తది."
మర్నాడు బామ్మర్ది చికెన్ సెంటర్ నుంచి
నాటుకోడి మెడ ఈకలు తెచ్చి
జరీ పోగుతో తానే ఒకటి కట్టాడు.
కప్ప కాదు, ఈగ కాదు,
ఆకలికి మాత్రమే పేరు తెలిసిన పురుగు.

హిమాయత్‌సాగర్. గేట్లు దించి పదిరోజులు.
దసరా దాటిన నీళ్లు,
బురద కిందికి దిగి, ఆకాశం పైకి తేలి.
తుంగ కొసలు అప్పుడే పసుపెక్కుతున్నాయి.
దూరంగా ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు
చీమల్లా, చప్పుడు లేకుండా.
థర్మోకోల్ తెప్ప మీద మేమిద్దరం,
నడుమ నా పులిహోర డబ్బా.

"బలం అద్దు. పతంగి ఎగరేసినవా సిన్నప్పుడు?"
"లేదు. అన్నల వెనక చర్ఖా పట్టుకున్నాను."
ఆయన కాసేపు నీళ్లకేసి చూశాడు.
"ఇయ్యాల పతంగి నీదే.
ఖీంచ్...
ఆగు, తాడు ఎనక్కి పోయి సాపైతది, ఆగు...
ఇగ ఢీల్."

మొదటిది ఆయన తువ్వాలకి తగిలింది.
రెండోది తుంగలో.
మూడోది నా జడలోనే.
ముప్పై ఏళ్లు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టిన బొటనవేలికి
పట్టుకోవడమే తెలుసు.
ఎన్నోసారో, లెక్క తప్పాక,
వేలు దానంతటదే వదిలింది.
తాడు గాలిలో ఒక అక్షరం రాసి
తానే చెరిపేసుకుని
నీటి మీద ఈకను పెట్టింది,
దండం పెట్టినంత మెల్లగా.

గుర్రపుడెక్క అంచున ఎర్రగా మరిగింది నీరు.
కుంకుమ చల్లినట్టు వందల పిల్లలు,
వాటి కింద కదలని నలుపు.
కర్ర ఎత్తాను. ఆయన చెయ్యి అడ్డమొచ్చింది.
"తల్లిది. ఏసినవంటే ఇప్పుడే కొడ్తది.
ఆకలికి కాదు, కోపానికి.
కోపాన్ని పట్టుడు గాలం పని కాదు."
తెప్పను అరచేతులతో వెనక్కి తోశాడు,
ఎవరింటి ముందో చెప్పులు చేతపట్టుకుని నడిచినట్టు.

పులిహోర తింటుండగా పడింది.
ఎడమచేత కర్ర, కుడిచేత పసుపు మెతుకులు,
మోచేతి దాకా ఎవరో గుంజుతున్న చెరువు.
"ఢీల్! ఢీల్! అయ్యో, ఖీంచకు తల్లీ!"
మేడమ్ పోయింది ఆ అరుపులో.

కిలోన్నర. నల్లటి వీపు, ముసలి రాజనాల మొహం.
ఎక్కడో చూసిన మర్యాదతో అన్నాను,
"వదిలేద్దామా?"
ఆయన నన్ను చూసిన చూపు
దొంగనోటును వెలుగుకి పట్టి నేను చూసేదే.
"ఇడిసెటందుకైతే పట్టుడెందుకు?
దానికి మూతి నొచ్చె, నీకు చెయ్యి నొచ్చె,
నాకు పొద్దు పోయె."
చేప గోనెసంచిలోకి వెళ్లింది.
నాకు జవాబు దొరకలేదు, నేటికీ.

కానీ ముందు కొక్కెం తీశాడు,
ముల్లు తీసినట్టు, నాలిక కొస పంటిన పట్టి.
తడిసి ముద్దయిన ఈకను
రెండు వేళ్ల మధ్య ఎత్తి ఊదాడు,
పిల్లవాడి కంట్లో నలుసుకు ఊదినట్టు.
ఒకసారి. మళ్లీ.
ఒక్కో పోగూ విడివడి
లేచి నిలబడింది ఈగ.
"పానం ఉన్నదింక," అన్నాడు.